ఆల్ప్స్ టూరుకు డబ్బు కట్టే ముందు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మే మొదటి వారంలో ఎనిమిదేళ్లు, అయిదేళ్లు ఉన్న పిల్లలిద్దరితో యూరప్ వెళ్లాలనుకుంటున్నాం. మ్యూనిక్‌లో మూడు రాత్రులు, సాల్జ్‌బర్గ్‌లో నాలుగు రాత్రులు. సాల్జ్‌బర్గ్ పాత నగరం చూసి, అక్కడి నుంచి కోనిగ్‌సీ సరస్సు, ఈగల్స్ నెస్ట్, హాల్‌స్టాట్ వెళ్లిరావాలని ఉంది. హైదరాబాద్ ఏజెంటు ఒకరు మొత్తం ప్యాకేజీకి ఏడు లక్షలు అడుగుతున్నారు. ఈ వారంలోనే అంతా కట్టేయాలట. వీసా రాకపోయినా రూపాయి వెనక్కి ఇవ్వరట. వీసా అపాయింట్‌మెంట్ ఏ దేశానికి దొరికితే ఆ దేశానికే వేద్దామంటున్నారు. ఫారం మీద ‘వివాదాలన్నీ హైదరాబాద్ కోర్టుల పరిధిలోనే’ అని ఉంది. మాకున్న హక్కులేమిటి?

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ఈ వారం మొత్తం డబ్బు కట్టకండి. ఏజెంటు చెప్పినవాటిలో కొన్ని చట్టం ముందు నిలవవు. ఒకటైతే మీ వీసాకే ఎసరు పెడుతుంది.

యూరప్ టూరును మనం ఒకే సరుకుగా చూస్తాం. చట్టం అలా చూడదు. వీసా ఒక విదేశీ ప్రభుత్వ నిర్ణయం. విమానానికి అంతర్జాతీయ ఒప్పందమూ, ఐరోపా సమాఖ్య నిబంధనా వర్తిస్తాయి. మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్ వెళ్లే రైలుకు వేరే నిబంధన ఉంది. ప్యాకేజీ అమ్మిన ఏజెంటుకు మాత్రం మన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వర్తిస్తుంది. ఏ భాగం ఎవరి దగ్గర కొన్నారు, కాగితం మీద ఏం రాసుకున్నారు అన్నదాన్నిబట్టే రేపు తేడా వస్తే ఎవరిని అడగాలో తేలుతుంది. అది ఎంచుకునే వీలు డబ్బు కట్టేదాకానే మీ చేతిలో ఉంటుంది.

వీసా ఏ దేశానికి వేయాలి?

అపాయింట్‌మెంట్ దొరికిన దేశానికి కాదు. జర్మనీ, ఆస్ట్రియా సహా పలు ఐరోపా దేశాలకు ఉమ్మడిగా వర్తించే షెంజెన్ వీసా కోడ్ ప్రకారం ఎక్కువ రోజులు ఉండే దేశానికి దరఖాస్తు చేయాలి. రెండు దేశాల్లో సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి. మీరు ఆస్ట్రియాలో నాలుగు రాత్రులు, జర్మనీలో మూడు రాత్రులు ఉంటున్నారు కాబట్టి ఆస్ట్రియాకే వేయాలి. విమానం మ్యూనిక్‌లో దిగుతోంది కదా అని జర్మనీకి వేయకూడదు. జర్మనీ అపాయింట్‌మెంటే ముందు దొరికితే టూరునే నిజంగా మార్చుకోండి. మ్యూనిక్‌లో నాలుగు, సాల్జ్‌బర్గ్‌లో మూడు రాత్రులు పెట్టుకుంటే తప్పేమీ లేదు. అంతేగాని ఉత్తుత్తి హోటల్ బుకింగులతో మూడో దేశానికి దరఖాస్తు పెట్టిస్తామంటే ఒప్పుకోవద్దు. దరఖాస్తు మీద సంతకం మీది, ఏజెంటుది కాదు. తప్పుడు పత్రం బయటపడితే వీసా తిరస్కరించడానికి అదొక్కటే చాలు. నకిలీ పత్రం తయారుచేయడం, తెలిసి వాడటం మన భారతీయ న్యాయ సంహిత కిందా నేరాలే.

దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. సాధారణంగా 15 రోజుల్లో నిర్ణయం వస్తుంది, లోతైన పరిశీలన అవసరమైతే 45 రోజుల దాకా పట్టొచ్చు. వీసా రుసుం 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45 యూరోలు. ఆరేళ్లలోపు వారికి రుసుం లేదు. అంటే మీ చిన్నబిడ్డ పేరిట ఏజెంటు వీసా రుసుం వేస్తే లెక్క అడగండి. దరఖాస్తు కేంద్రం వారి సర్వీసు చార్జి వేరుగా ఉంటుంది. ప్రీమియం లాంజ్, ఎస్ఎంఎస్, కొరియర్ లాంటివి మీ ఇష్టం, వద్దనొచ్చు.

వీసాకు ముందు పూర్తి సొమ్ము పెట్టి టికెట్లు కొనాలన్న నియమమేమీ వీసా కోడ్‌లో లేదు. రానుపోను రిజర్వేషన్, బస ఏర్పాటు చూపించగలగాలి. రద్దు చేసుకునే వీలున్న బుకింగులు అందుకు సరిపోతాయి. పాస్‌పోర్టు గడువు షెంజెన్ ప్రాంతం వదిలే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

వీసా తిరస్కరిస్తే కారణం చెప్పకుండా పంపేయడం కుదరదు. నిర్ణీత ఫారంలో కారణాలు రాసివ్వాలి. అప్పీలు హక్కు ఉంటుంది, ఎక్కడ, ఎన్నాళ్లలో వేయాలో ఆ ఫారంలోనే చూపాలి. లోటును సరిదిద్ది కొత్తగా దరఖాస్తు కూడా చేయొచ్చు. కట్టిన రుసుం మాత్రం తిరిగి రాదు.

ఒక్క రూపాయి ఇవ్వం అంటే చెల్లుతుందా?

అన్నిసార్లూ చెల్లదు. వీసా ఇవ్వడం, ఇవ్వకపోవడం ఏజెంటు చేతిలో లేదు. కాబట్టి వీసా రాలేదని ఆయన మీద కేసు గెలవలేరు. కానీ తప్పు దేశానికి దరఖాస్తు వేయించినా, ఇచ్చిన పత్రాలు జతచేయకపోయినా అది సేవాలోపం. అలాగే ఇంకా ఖర్చుపెట్టని హోటల్, భోజనం, ప్రవేశ టికెట్ల డబ్బును కూడా మొత్తం ఉంచేసుకుంటామనే షరతును వినియోగదారుల కమిషన్ ప్రశ్నించగలదు. నిజంగా ఎంత నష్టపోయారో ఏజెంటే లెక్క చూపమనండి. వినియోగదారుడి మీద మోయలేని భారం వేసే ఏకపక్ష షరతులను 2019 చట్టం అన్యాయ ఒప్పందాలు అంటుంది. ఒప్పందమే అన్యాయమని సవాలు చేసే ఫిర్యాదు రాష్ట్ర కమిషన్‌కు వెళుతుంది. సేవాలోపానికి వాపసు కోరే మీలాంటి కేసు జిల్లా కమిషన్‌కు వెళుతుంది.

బాకీ తేలేదాకా పాస్‌పోర్టులు ఇవ్వం అని కొందరు ఏజెంట్లు బెదిరిస్తారు. పాస్‌పోర్టు ఏజెంటు తాకట్టు పెట్టుకునే వస్తువు కాదు. పాస్‌పోర్టుల చట్టం, 1967 ప్రకారం అది కేంద్ర ప్రభుత్వ ఆస్తి. అలా ఆపితే పోలీసులకు ఫిర్యాదు చేయండి.

నగరం వేరు, కొండ వేరు

మీ టూరులో అసలు చిక్కు ఇక్కడుంది. 1077లో మొదలైన హోహెన్‌సాల్జ్‌బర్గ్ కోట, 1756లో మొజార్ట్ పుట్టిన ఇల్లు చూడటానికి రుతువుతో పెద్దగా పనిలేదు. కొండల సంగతి అలా కాదు. ఈగల్స్ నెస్ట్ అని కరపత్రాల్లో రాసే కెల్‌స్టైన్‌హౌస్ 1,834 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలమంతా దాని దారి మూసే ఉంటుంది, మామూలుగా మే మధ్యలోగాని తెరవరు. మే మొదటి వారం టూరులో దాన్ని పెట్టడమంటే మూసిన తలుపును అమ్మడమే. చాలా కేబుల్‌కార్లు కూడా వసంతంలో కొన్నాళ్లు, చలికాలానికి ముందు కొన్నాళ్లు మరమ్మతులకు ఆగుతాయి. హాల్‌స్టాట్‌లోకి టూరిస్టు బస్సు రావాలంటే ముందుగా స్లాట్ తీసుకోవాలి.

చట్టం ఇక్కడ గీసే గీత తేలిగ్గానే అర్థమవుతుంది. ముందే తెలిసిన విషయం, లేదా వృత్తిలో ఉన్నవాడు తెలుసుకుని తీరాల్సిన విషయం దాచి అమ్మితే అది తప్పుదారి పట్టించే ప్రకటన, సేవాలోపం. మూసే తేదీలు, బస్సు స్లాట్లు ఈ కోవలోవి. ఆ రోజు మబ్బు కమ్మి శిఖరం కనిపించలేదంటే అది ఎవరి తప్పూ కాదు, పరిహారం రాదు. హఠాత్తుగా మంచు పడి దారి మూసేస్తే ఏజెంటుది తప్పు కాదు. అయితే వాడని టికెట్ డబ్బు ఆయనకు తిరిగి వస్తే, దాన్ని మీకు ఇవ్వకుండా ఉంచుకునే హక్కూ ఆయనకు లేదు. కాబట్టి రోజువారీ కార్యక్రమంలో ప్రతి కొండ ప్రాంతానికి ‘ఆ తేదీన తెరిచి ఉంటుంది, మూసి ఉంటే ఫలానాది చూపుతాం లేదా ఇంత వాపసు ఇస్తాం’ అని రాయించుకోండి.

విమానం ఆలస్యమైతే

ఐరోపా సమాఖ్య 261/2004 నిబంధన మన ప్రయాణికులకూ వర్తిస్తుంది. పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది లెక్కలోకి రాదు. మ్యూనిక్ నుంచి బయల్దేరే ఏ సంస్థ విమానమైనా దీని కిందికి వస్తుంది. హైదరాబాద్ నుంచి వెళ్లేటప్పుడు మాత్రం ఐరోపా సంస్థ విమానమైతేనే. గల్ఫ్ సంస్థ విమానంలో వెళ్లి వస్తే తిరుగు ప్రయాణానికి ఈ రక్షణ ఉంటుంది, వెళ్లేటప్పుడు ఉండదు. ఒకే బుకింగు అయితే మధ్యలో కనెక్షన్ తప్పిపోయినా చివరి గమ్యానికి ఎంత ఆలస్యంగా చేరారన్నదే లెక్క.

3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో మూడు గంటలు, అంతకు మించి ఆలస్యమైతే మనిషికి 600 యూరోల దాకా పరిహారం. టికెట్ కొన్న పిల్లలకూ అంతే. ఆలస్యం మూడు, నాలుగు గంటల మధ్య ఉంటే సగానికి తగ్గించొచ్చు. విపరీత వాతావరణం లాంటి అసాధారణ కారణాలుంటే పరిహారం రాదు, భోజనం, అవసరమైతే హోటల్ మాత్రం ఇవ్వాల్సిందే. సొంత సిబ్బంది సమ్మె అసాధారణ కారణం కాదని ఐరోపా న్యాయస్థానం 2021లో తేల్చింది. విమానం రద్దయితే డబ్బు వాపసు అడగొచ్చు. మీరు సంతకం పెట్టి ఒప్పుకుంటే తప్ప వోచర్ అంటగట్టకూడదు. ఈ గంటల లెక్కను సవరించే ప్రతిపాదన ఐరోపాలో చర్చకు వచ్చింది కాబట్టి బయల్దేరే ముందు అప్పటి నిబంధన ఒకసారి చూసుకోండి.

సామాను పోతే మాంట్రియల్ ఒప్పందం ఉంది. గరిష్ఠ పరిమితి మనిషికి 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే యూనిట్లు), మన డబ్బులో లక్షన్నర దాటుతుంది. అది పరిమితి మాత్రమే. నష్టం మీరు రుజువు చేసుకోవాలి. విమానాశ్రయం దాటకముందే సామాను ఫిర్యాదు పత్రం రాయించుకోండి. పెట్టె పగిలితే అందుకున్న ఏడు రోజుల్లో, ఆలస్యంగా వస్తే 21 రోజుల్లో సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి. దావాకు రెండేళ్ల గడువు.

రైలు, సరిహద్దు

ఐరోపా రైళ్లలో గమ్యానికి గంట నుంచి రెండు గంటల్లోపు ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు, ఆపైన అయితే 50 శాతం పరిహారం అడగొచ్చు. తీవ్ర వాతావరణం మినహాయింపు, రైల్వే సిబ్బంది సమ్మె కాదు. మూడు నెలల్లోగా అడగాలి. టికెట్ పారేయకండి.

సాల్జ్‌బర్గ్ నుంచి కోనిగ్‌సీ వెళ్లడం అంటే మళ్లీ జర్మనీలోకి వెళ్లడమే. 1909 నుంచి కరెంటు పడవలు తిరుగుతున్న ఆ సరస్సు సరిహద్దుకు అవతల ఉంది. షెంజెన్ లోపల తనిఖీలుండవనుకోవద్దు, 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నింటా తనిఖీలు పెట్టింది. ఒక్క పూట టూరుకైనా నలుగురి పాస్‌పోర్టులు వెంట ఉండాలి. ఫోన్‌లో ఫొటో చాలదు. పాస్‌పోర్టు పోతే అక్కడి పోలీసు ఫిర్యాదు తీసుకుని భారత రాయబార కార్యాలయాన్ని ఆశ్రయిస్తే, తిరిగి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు.

వీసా కోసం తీసుకునే బీమా టూరు రద్దయితే డబ్బిచ్చే బీమా కాదు. కొండ మీద కాలు విరిగితే హెలికాప్టర్ ఖర్చు ఇస్తుందా, మంచుమీది ఆటలకు మినహాయింపు ఉందా అన్నది పాలసీలో చదవండి. క్లెయిము తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, తృప్తి కలగకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ కార్యాలయం పరిధిలోకే వస్తాయి. రుసుం లేదు.

కేసు ఎక్కడ వేయాలి?

ఫారం మీద హైదరాబాద్ అని ఉన్నా బెంగపడనక్కర్లేదు. 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు కాబట్టి మీ జిల్లా కమిషన్ సరిపోతుంది. 5 లక్షల దాకా రుసుం లేదు, మీ 7 లక్షలకు 200 రూపాయలు. లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వేయొచ్చు. కారణం ఏర్పడిన నాటినుంచి రెండేళ్లలో వేయాలి. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే చాలా తగాదాలు అక్కడే రాజీ అవుతాయి.

ప్యాకేజీ మీద ఏజెంటు టీసీఎస్ (అమ్మేటప్పుడే తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు. మీ పాన్ మీద జమై, రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది. లేదా వాపసు వస్తుంది. ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఆ మొత్తం కనిపిస్తోందో లేదో చూసుకోండి.

ఇక చేయాల్సింది చెబుతాను. ఏజెంటుకు ఈమెయిల్ రాయండి, వాట్సాప్ కాల్‌లో మాట్లాడి వదిలేయకండి. వీసా ఆస్ట్రియాకే వేయాలని, ఖర్చులను భాగాలవారీగా విడదీసి చూపాలని, వీసా రాకపోతే ఏ భాగం ఎంత వాపసు ఇస్తారో రాయాలని, ఈగల్స్ నెస్ట్ తేదీ సరిచూడాలని అడగండి. ఇప్పుడు కొద్దిగా అడ్వాన్సు, వీసా వచ్చాక మిగతాది అని వాయిదాలు పెట్టండి. సొమ్ము బ్యాంకు ద్వారానే, కంపెనీ ఖాతాకే కట్టి జీఎస్టీ బిల్లు తీసుకోండి. ఈ ఈమెయిల్‌కు రాతపూర్వక జవాబు ఇవ్వడానికి వెనకాడే ఏజెంటుకు ఏడు లక్షలు ఇవ్వకండి. విమానం, హోటల్, రైలు మీరే విడివిడిగా బుక్ చేసుకోండి, కొండ చూడాలంటే ప్రయాణాన్ని మే నెలాఖరుకు జరపండి.