రెజ్యూమెలో ఏముండాలి, రిఫరీ ఏం చెప్పాలి

1912 ఫిబ్రవరి 9న మద్రాసులోని ట్రిప్లికేన్ నుంచి ఓ యువకుడు పోర్ట్ ట్రస్టు చీఫ్ అకౌంటెంటుకు గుమాస్తా ఉద్యోగం కోసం దరఖాస్తు పంపారు. ఉత్తరం చాలా చిన్నది. మెట్రిక్యులేషన్ పాసయ్యానని, ఎఫ్.ఏ. వరకు చదివానని, పరిస్థితులు అనుకూలించక చదువు ఆగిపోయిందని, అప్పటి నుంచి కాలమంతా గణితానికే వెచ్చిస్తున్నానని, ఉద్యోగమిస్తే పనికి న్యాయం చేయగలనని అందులో ఉంది. ప్రెసిడెన్సీ కళాశాల గణిత ప్రొఫెసర్ ఇ.డబ్ల్యు. మిడిల్‌మాస్ట్ ఇచ్చిన సిఫారసును దానికి జతచేశారు. గణితంలో ఇతని సామర్థ్యం అసాధారణమని, అంకెల పని చాలా వేగంగా చేస్తాడని ప్రొఫెసర్ రాశారు. ఆ దరఖాస్తుదారు శ్రీనివాస రామానుజన్. మార్చి 1న నెలకు 30 రూపాయల జీతంపై పనిలో చేరారు.

పదకొండు నెలల తర్వాత, 1913 జనవరి 16న, అదే మనిషి కేంబ్రిడ్జిలోని జి.హెచ్. హార్డీకి మరో ఉత్తరం రాశారు. తాను పోర్ట్ ట్రస్టులో ఏడాదికి 20 పౌండ్ల జీతంపై పనిచేసే గుమాస్తానని, విశ్వవిద్యాలయ విద్య లేదని కొద్ది వాక్యాల్లో చెప్పి, మిగతా పేజీలను సిద్ధాంతాలతో నింపారు.

మనిషి ఒక్కరే, ఉత్తరాలు రెండు రకాలు. ఆ తేడాలోనే రెజ్యూమె, రిఫరెన్సుల పాఠమంతా ఉంది. హార్డీ తానే స్వయంగా పరీక్షించగలరు కాబట్టి ఆయనకు పంపవలసింది పనే. లెక్కల శాఖకు కావలసింది సిద్ధాంతాల జాబితా కాదు. డిగ్రీ లేని ఈ మనిషి రోజువారీ లెక్కలు చూడగలడా అన్నది వారి సందేహం. దానికి జవాబు చెప్పగలిగినది ఒక గణిత ప్రొఫెసర్ మాట. చదివేవారు తామే సరిచూసుకోగలిగినది రెజ్యూమెలో ఉండాలి. వారు చూడలేనిదాన్ని, చూసినవారు చెప్పాలి. (గణితం బాగా తెలిసిన ఎస్. నారాయణ అయ్యర్ అదే కార్యాలయంలో ఉండటం, పరిచయస్తుల సాయం కూడా రామానుజన్‌కు కలిసొచ్చాయన్నది దాచవలసిన విషయం కాదు.)

బయోడేటా అలవాట్లు

రెజ్యూమె అన్న ఫ్రెంచి మాటకు సంక్షిప్తం అని అర్థం. సీవీ అనే రెండక్షరాల వెనకున్న లాటిన్ మాటకు జీవన గమనం అని అర్థం. కంపెనీలు ఒకటి రెండు పేజీల సంక్షిప్తాన్ని అడుగుతాయి. పరిశోధన సంస్థలు ప్రచురణలు, ప్రాజెక్టులు, బోధన అన్నీ ఉన్న సీవీని కోరతాయి. మన దగ్గర ఈ రెంటికీ బయోడేటా అనే పేరు కూడా ఉంది. పెళ్లి సంబంధాలకు పంపే కాగితానికీ అదే పేరు కావడం వల్లనేమో, ఉద్యోగ దరఖాస్తుల్లోకీ తండ్రి పేరు, మతం, వైవాహిక స్థితి, ఒక్కోసారి ఎత్తు, బరువు కూడా వచ్చి చేరతాయి.

ప్రైవేటు ఉద్యోగానికి ఇవేవీ అక్కర్లేదు. అంతేకాదు, హాని చేయవచ్చు కూడా. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, మన దేశంలోని ప్రైవేటు సంస్థల ఉద్యోగ ప్రకటనలకు సమానమైన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రవర్ణ హిందువుల పేర్లతో పోలిస్తే దళితులని తెలిసే పేర్లకు, ముస్లిం పేర్లకు పిలుపు వచ్చే అవకాశం తక్కువగా కనిపించింది. పేరును ఎవరూ దాచుకోలేరు, దాచుకోవలసిన అవసరమూ లేదు. ఇక్కడ తప్పు ఎంపిక చేసేవారిది. అయినా పనితో సంబంధం లేని వివరాలను అభ్యర్థి తన చేతులతో అందించనక్కర్లేదు. ప్రభుత్వ ఉద్యోగాల సంగతి వేరు. అక్కడ వయోపరిమితి, రిజర్వేషన్ల కోసం పుట్టిన తేదీ, సామాజిక వర్గం అడుగుతారు. ప్రకటనలో ఇచ్చిన ప్రొఫార్మాను అక్షరం పొల్లుపోకుండా నింపాలి.

పేరు విషయంలో తెలుగువారికి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో చివర, పరిశోధన పత్రంలో ఒట్టి ఇనిషియల్. ముగ్గురు వేర్వేరు మనుషుల్లా కనిపించే అవకాశం ఉంది. రెజ్యూమెలో పదో తరగతి మెమోలోని పేరే వాడి, పరిశోధన పత్రాలున్నవారు 16 అంకెల ఆర్కిడ్ గుర్తింపు సంఖ్యను దాని కింద ఇస్తే ఈ గందరగోళం చాలావరకు తీరుతుంది. ఆ సంఖ్య ఉచితం. పేరు ఎలా రాసినా పనులన్నీ ఒకే మనిషి ఖాతాలో చేరేందుకే అది పుట్టింది.

పరీక్షకు నిలిచే వాక్యం

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పూర్తిచేసిన విద్యార్థి ప్రాజెక్టు అసోసియేట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాడనుకుందాం. నైపుణ్యాల కింద ‘పీసీఆర్, జెల్ ఎలక్ట్రోఫోరెసిస్, మంచి కమ్యూనికేషన్, కష్టపడే స్వభావం’ అని ఉంటుంది. ఆ రోజు వచ్చిన దరఖాస్తుల్లో సగానికి పైగా ఇదే వరుస కనిపిస్తుంది. ఇందులో అబద్ధమేమీ లేకపోవచ్చు. కానీ ఎంపిక సంఘం పట్టుకుని ప్రశ్న వేయడానికి ఏమీ లేదు.

అదే విద్యార్థి ఇలా రాస్తే: ‘పొలం మట్టి నుంచి డీఎన్ఏ వేరుచేసి, బ్యాక్టీరియాను గుర్తించడానికి వాడే 16ఎస్ ఆర్ఆర్ఎన్ఏ జన్యువును పీసీఆర్‌తో పెంచాను. 40 నమూనాల్లో 34 ఫలించాయి.’ వెంటనే ఇంటర్వ్యూలో ప్రశ్న వస్తుంది: మిగతా ఆరు ఎందుకు ఫలించలేదు? మట్టిలోని హ్యూమిక్ ఆమ్లాలు డీఎన్ఏతో పాటే వచ్చి, పీసీఆర్‌లో పనిచేసే ఎంజైమును అడ్డుకుంటాయని, నమూనాను పలచన చేసి మళ్లీ ప్రయత్నించానని చెప్పగలిగినవాడు ఆ పని నిజంగా చేసినవాడు. వైఫల్యాన్ని కూడా లెక్కలో చూపిన వాక్యమే అతనికి ఆ అవకాశమిచ్చింది. ‘40కి 40’ అని రాసుంటే ఆ ప్రశ్న వచ్చేది కాదు, ఆ జవాబు చెప్పే వీలూ ఉండేది కాదు.

ఏం చేశారు, దేనితో చేశారు, ఎంత చేశారు, ఏమైంది అన్నవి ప్రతి వాక్యంలో కనిపించాలి. సంఖ్య లేని పనులూ ఉంటాయి. అలాంటప్పుడు తాను లేకపోతే ఆగిపోయే పని ఏదో చెప్పినా చాలు: ల్యాబులో సెంట్రిఫ్యూజ్ లాగ్‌బుక్ నిర్వహణ, జూనియర్లకు మైక్రోస్కోపు నేర్పడం, నమూనాల శీతల నిల్వ బాధ్యత. జట్టు చేసిన పనిలో తన వాటా ఎంతో విడిగా రాయాలి. నలుగురూ ‘నేను చేశాను’ అని రాసిన ఒకే ప్రాజెక్టు ఒకే బల్ల మీదకు చేరడం అరుదేమీ కాదు.

పరిశోధన పత్రాల విషయంలో మాట జారకూడదు. సమర్పించినది, సమీక్షలో ఉన్నది, అంగీకారం పొందినది, ప్రచురితమైనది – ఇవి నాలుగు వేర్వేరు దశలు. ఇంకా రాస్తున్న పత్రాన్ని ‘సమీక్షలో ఉంది’ అని చూపడం చిన్న అతిశయోక్తిలా అనిపిస్తుంది. పత్రిక పేరు, సమర్పించిన తేదీ చెప్పమని అడిగితే ఆ ఒక్క వాక్యం మొత్తం కాగితాన్నే అనుమానంలో పడేస్తుంది. చదువులో, ఉద్యోగంలో ఖాళీ ఏడాది ఉంటే తేదీలు సాగదీయకుండా ఒక్క వరుసలో చెబితే సరిపోతుంది: నెట్ పరీక్షకు సన్నద్ధత, ఇంట్లో అనారోగ్యం, ప్రసవం. ఎఫ్.ఏ. పూర్తికాలేదని రామానుజన్ చెప్పిన తీరు అలాంటిదే. సాకులు లేవు, సంజాయిషీ లేదు. ఇక ఉద్యోగ కాలాలను కంపెనీలు రిలీవింగ్ లెటరు, భవిష్యనిధి రికార్డులతో సరిచూస్తాయి కాబట్టి రెండు నెలల అతుకు కూడా బయటపడుతుంది.

రూపం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పెద్ద కంపెనీల్లో దరఖాస్తును మొదట సాఫ్ట్‌వేర్ చదువుతుంది. రెండు నిలువు వరుసలు, బొమ్మలుగా పెట్టిన అక్షరాలు, స్కాన్ చేసిన కాగితం దానికి సరిగా అర్థం కాకపోవచ్చు. పీడీఎఫ్‌లోని పాఠాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూస్తే చాలు. అక్కడ చదవగలిగేలా ఉంటే యంత్రానికీ చాలావరకు అర్థమైనట్టే.

సాక్షిని ఎంచుకోవడం

తెలుగులో సిఫారసు అనగానే పైరవీ గుర్తుకొస్తుంది. అందుకే చాలామంది అభ్యర్థులు రిఫరెన్సు అడిగితే తమకు తెలిసినవారిలో పెద్ద హోదా ఉన్నవారిని వెతుకుతారు. ప్రిన్సిపాల్, బంధువైన అధికారి, ఎప్పుడో ఒకసారి కలిసిన శాస్త్రవేత్త. నాలుగు వాక్యాల్లో ‘క్రమశిక్షణ గలవాడు, సత్ప్రవర్తన కలవాడు’ అని ముగిసే అలాంటి ఉత్తరం ఎంపిక సంఘానికి చెప్పేది ఒక్కటే: ఈ అభ్యర్థి పనిని దగ్గరగా చూసినవారు ఎవరూ ముందుకు రాలేదని. ఆరు నెలలు పక్క బల్ల మీద పనిచేయించిన అసిస్టెంట్ ప్రొఫెసర్ మాటకే ఇక్కడ విలువెక్కువ.

అడిగే తీరు కూడా ముఖ్యం. ‘సార్, రిఫరెన్సుగా మీ పేరు పెట్టుకుంటాను’ అంటే కాదనడం ఎవరికైనా కష్టం. ‘సార్, నా ప్రాజెక్టు పని గురించి మీరు వివరంగా రాయగలరా? వీలుకాకపోతే మరొకరిని అడుగుతాను’ అంటే తప్పుకోవడానికి ఆయనకు దారి ఉంటుంది. మనసు లేకుండా రాసిన ఉత్తరం కంటే ఆ నిరాకరణే మేలు. గడువుకు రెండు మూడు వారాల ముందే అడిగి, ప్రకటన, రెజ్యూమె, తాను ఆయన దగ్గర చేసిన పనుల గురించి ఒక పేజీ పంపాలి. అడగకుండా పేరు పెట్టడం మాత్రం పొరపాటు. పరాయి ఊరి నుంచి ఫోన్ వచ్చినప్పుడు ‘ఏ బ్యాచ్ అబ్బాయి?’ అని రిఫరీ తడుముకుంటే నష్టం అభ్యర్థికే.

‘నువ్వే రాసుకురా, సంతకం పెడతాను’ అనడం మన కళాశాలల్లో మామూలే. ఎదురు చెప్పలేని విద్యార్థి తన గురించి తానే విశేషణాలు పేర్చుకుంటాడు. ముగ్గురు రిఫరీల ఉత్తరాలు ఒకే గొంతుతో, ఒకే తప్పులతో వస్తే విషయం ఇట్టే తెలిసిపోతుంది. ముసాయిదా బదులు తేదీలు, ప్రయోగాలు, ఎదురైన ఇబ్బందులు రాసిన ఆ ఒక పేజీనే మర్యాదగా ఇవ్వడం మంచిది. దాన్నుంచి ఉత్తరం రాయడం గురువుకూ తేలికే. మార్గదర్శకుడితో సంబంధాలు చెడినవారికి డాక్టరల్ కమిటీ సభ్యులు, కలిసి పనిచేసిన మరో ప్రయోగశాల శాస్త్రవేత్త ఉన్నారు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవారైతే, ఆఫర్ వచ్చాకే ప్రస్తుత సంస్థను సంప్రదించమని స్పష్టంగా రాయవచ్చు. ప్రైవేటు కంపెనీల దరఖాస్తులో రిఫరీల పేర్లు అడిగినప్పుడే ఇవ్వాలి. ‘అడిగితే ఇస్తాను’ అన్న వాక్యం ఒక వరుసను వృథా చేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఇంతా చేస్తే ఈ ఉత్తరాలు ఎంతవరకు నమ్మదగినవి? ఫ్రాంక్ షిమిడ్ట్, జాన్ హంటర్ 1998లో 85 ఏళ్ల పరిశోధనలను కలిపి విశ్లేషించారు. రిఫరెన్సు విచారణకూ, ఉద్యోగంలో తర్వాత కనబరిచిన పనితీరుకూ మధ్య సహసంబంధం 0.26గా, అనుభవం ఏళ్లకు 0.18గా తేలింది. 0.26ను వర్గం చేస్తే దాదాపు 0.07 వస్తుంది. అంటే మనుషుల పనితీరులోని తేడాల్లో ఏడు శాతం మాత్రమే దానితో వివరించగలమన్నమాట. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి ఒకే కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూ ఇంతకంటే చాలా మెరుగు. పాల్ సాకెట్ బృందం 2022లో ఆ పాత లెక్కలను సవరించి చాలా సంఖ్యలను తగ్గించినప్పుడు కూడా ఆ ఇంటర్వ్యూయే మొదటి స్థానంలో నిలిచింది.

ఉత్తరాల్లో పక్షపాతమూ ఉంటుంది. భూవిజ్ఞాన రంగంలో పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌ల కోసం 54 దేశాల నుంచి వచ్చిన 1,224 సిఫారసు లేఖలను కుహేలీ దత్ బృందం పరిశీలించి 2016లో ఫలితాలను ప్రచురించింది. అత్యుత్తమ స్థాయి లేఖ పొందే అవకాశం పురుషులతో పోలిస్తే మహిళలకు సుమారు సగమే ఉంది. రాసినవారు మహిళలైనా ఈ తేడా పోలేదు. ‘చాలా శ్రద్ధగల అమ్మాయి’ అని మెచ్చుకుంటూ రాసిన గురువుకు తాను తక్కువ చేస్తున్నానన్న స్పృహ ఉండకపోవచ్చు. చేసిన పనుల పేజీ ముందుంటే స్వభావాన్ని వదిలి పనిని గురించి రాసే అవకాశం పెరుగుతుంది.

రిఫరీ ఎలా ఉండాలో చూడాలంటే మళ్లీ మద్రాసుకే రావాలి. 1913 ఫిబ్రవరిలో భారత వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ పోర్ట్ ట్రస్టుకు వచ్చినప్పుడు, చైర్మన్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఆయనకు రామానుజన్ నోటు పుస్తకాలు చూపించారు. రుతుపవనాల గుట్టు వెతుకుతూ తర్వాత సదరన్ ఆసిలేషన్‌ను వెలికితీసిన వాకర్ ఈయనే. గణితంలో కేంబ్రిడ్జి స్థాయి దిట్ట. అయినా మద్రాసు విశ్వవిద్యాలయ రిజిస్ట్రారుకు రాసిన లేఖలో, ఆ శాఖల్లో తనకు ప్రత్యేక పరిజ్ఞానం లేదని, ఈ యువకుడికి ఐరోపా స్థాయి కీర్తి వస్తుందో రాదో తాను నమ్మకంగా అంచనా వేయలేనని ముందే ఒప్పుకున్నారు. ఆ తర్వాత తాను చెప్పగలిగినంత మాత్రమే చెప్పారు: బతుకుతెరువు బెంగ లేకుండా కొన్నేళ్లపాటు పూర్తికాలం గణితానికే కేటాయించే వీలు ఇతనికి కల్పించడం విశ్వవిద్యాలయానికి సమంజసమే. అదే ఏడాది మే నెల నుంచి రామానుజన్‌కు నెలకు 75 రూపాయల పరిశోధన వేతనం మొదలైంది.