గాయంపై వేసే జంతు పొర: ధర్మం ఏమంటుంది?

వైద్యం చేయించుకోవడం దైవంపై నమ్మకానికి విరుద్ధం కాదు. మందు వాడవచ్చా అని కొందరు ఎడారివాసులు అడిగినప్పుడు మహాప్రవక్త (స) వాడమనే చెప్పారు. వృద్ధాప్యం తప్ప మందు లేని వ్యాధి ఏదీ అల్లాహ్ సృష్టించలేదని తెలియజేశారు. హజ్రత్ ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. నిషిద్ధమైన వాటితో వైద్యం చేసుకోవద్దని కూడా ఆయనే (స) హెచ్చరించారు. ఈ రెండు ఆదేశాలనూ కలిపి అర్థం చేసుకోవలసిన అవసరం నేడు మన ఇళ్ళలోకి వచ్చింది.

గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో బొగ్గుబావులే మన బతుకుతెరువు. కాలిన గాయాలు, నలిగిపోయిన కాళ్ళూ చేతులూ ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. షుగర్ వల్ల పాదాలకు మానని పుండ్లు పడినవారు ప్రతి వాడలోనూ ఉన్నారు. అలాంటి గాయాలకు జంతువు నుంచి తీసిన పలుచని పొర వేసే వైద్యం ఇప్పుడు అందుబాటులోకి వచ్చింది. ఏ జంతువుదో తెలియక భయపడి వెనుదిరిగితే కాలు పోవచ్చు. ఏమీ అడగకుండా సంతకం పెడితే హలాల్ మార్గం ఉండి కూడా వదులుకున్నవాళ్ళమవుతాం. ఈ రెండూ సరికావు.

ఈ పొర ఎలా తయారవుతుంది?

శరీరంలోని ఏ భాగాన్ని చూసినా అందులో ముఖ్యంగా రెండు ఉంటాయి. ఒకటి జీవకణాలు. రెండవది ఆ కణాలను పట్టి ఉంచే అల్లిక. ఇందులో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రోటీను. ఇంటితో పోలిస్తే కణాలు అందులో నివసించేవారు, అల్లిక గోడలు. ఒక జంతువు కణాలను మరొకరి శరీరం పరాయివిగా గుర్తించి తిప్పికొడుతుంది. అల్లిక మాత్రం జీవజాతుల మధ్య పెద్ద తేడా లేకుండా ఉంటుంది కనుక శరీరం దాన్ని చాలావరకు అంగీకరిస్తుంది.

అందుకే శాస్త్రవేత్తలు కణాలను తొలగించి అల్లికను మిగులుస్తారు. ముందుగా కొవ్వు, రక్తం పోయేలా శుభ్రం చేస్తారు. కొన్ని పద్ధతుల్లో గడ్డకట్టించి, కరిగించి కణాలను పగలగొడతారు. తరువాత సబ్బులాంటి రసాయనాల్లో ఉంచుతారు. మిగిలిన డీఎన్ఏను ఎంజైములతో తుంచివేస్తారు. ఆ రసాయనాల జాడ లేకుండా మళ్ళీ మళ్ళీ కడిగి, చివరకు సూక్ష్మజీవులు లేకుండా చేస్తారు. ఎండిన పదార్థం ఒక మిల్లీగ్రాములో 50 నానోగ్రాములకు మించి డీఎన్ఏ మిగలకూడదన్నది సాధారణంగా పాటించే కొలత. ఇలా సిద్ధమైన పొరను గాయంపై పరిస్తే రోగి సొంత కణాలే అందులోకి పాకి కొత్త కండను, చర్మాన్ని కట్టుకుంటాయి.

ఏ జంతువుల నుంచి తీస్తారు?

పంది పేగు పొర, ఆవు చర్మం, ఆవు గుండెను చుట్టి ఉండే పొర బాగా వాడుకలో ఉన్నాయి. ఐస్‌లాండ్‌లో కాడ్ చేప చర్మంతో చేసిన పొరకు 2013లో అమెరికా అనుమతి లభించింది. మన దేశంలో తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ పంది పిత్తాశయం నుంచి ఇలాంటి పొరను రూపొందించింది. దానికి 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది. దీనివల్ల చికిత్స ఖర్చు 10,000 రూపాయల నుంచి 2,000కు తగ్గవచ్చని అప్పట్లో అంచనా వేశారు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఐఐటీ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు మానవ కార్నియా నుంచే కణాలు తీసివేసిన పదార్థంతో కార్నియాను ముద్రించి, కుందేలు కంటిలో అమర్చినట్లు 2022లో ప్రకటించారు. అంటే ఒకే పద్ధతి ఎన్నో జీవులకు వర్తిస్తోంది. కనుక మన ప్రశ్న పద్ధతి గురించి కాదు, మూలం గురించి.

కడిగితే శుద్ధమవుతుందా?

హజ్రత్ మైమూనా (రజి) విముక్తి బానిసకు దానంగా వచ్చిన గొర్రె చనిపోయింది. దాని తోలును పదునుచేసి ఎందుకు వాడుకోలేదని మహాప్రవక్త (స) అడిగారు. అది చచ్చినదని వారన్నారు. తినడం మాత్రమే నిషిద్ధమని ఆయన వివరించారు (బుఖారీ, ముస్లిం). హనఫీ గ్రంథం దుర్రె ముఖ్తార్ తోలుతోపాటు మూత్రకోశం, పొట్టసంచి కూడా పదునుచేస్తే శుద్ధమవుతాయని చెబుతుంది. అయితే పంది తోలుకు ఈ మినహాయింపు లేదు. ఎముకతో చికిత్సను గురించి ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అభిప్రాయం ఫతావా ఆలమ్‌గీరీలో ఉంది. గొర్రె, ఆవు, ఒంటె వంటి జంతువుల ఎముక వాడవచ్చుగాని, పంది ఎముకను, మనిషి ఎముకను వాడకూడదని దాని సారాంశం.

మరి వస్తువు స్వభావమే మారిపోతే? ఉప్పుగనిలో పడిన గాడిద ఉప్పుగా మారితే అది శుద్ధమేనని హనఫీ ధర్మవేత్తలు ఉదాహరణ ఇస్తారు. దీన్ని ఇస్తిహాలా అంటారు. మనకు మరింత దగ్గరి ఉదాహరణ బొగ్గు. ఒకనాటి చెట్లే ఇది. కాని నేడు దీన్ని ఎవరూ చెట్టు అనరు. పేరు, రూపు, గుణం అన్నీ మారాయి. జిలాటిన్ విషయంలో ఇలాంటి మార్పు జరుగుతుందని 1995లో కువైట్‌లో ఇస్లామీ వైద్యశాస్త్రాల సంస్థ జరిపిన సదస్సు అభిప్రాయపడింది. కొందరు పండితులు దీనితో విభేదించారు.

మనం చెబుతున్న పొర సంగతి వేరు. కణాలు పోయినా అల్లిక యథాతథంగా ఉంటుంది. అది మారకుండా ఉండటమే దాని విలువ. మారిపోతే వైద్యుడికి పనికిరాదు. కనుక ఇది బొగ్గుగా మారిన చెట్టులాంటిది కాదు, పదునుచేసిన తోలులాంటిది. ఇదే మా అవగాహన. అందువల్ల ఆవు, గేదె, గొర్రె పొరలపై సందేహం అక్కరలేదు. చేపకు జిబహ్ అవసరమే లేదు. పంది పొరను మాత్రం కడిగారు కదా అని శుద్ధమనలేం.

వేరే దారి లేనప్పుడు

అనివార్య స్థితిలో, హద్దు మీరకుండా నిషిద్ధాన్ని వాడినవారిపై పాపం లేదని దివ్యఖుర్ఆన్ (2:173) అభయమిస్తోంది. యుద్ధంలో ముక్కు పోయిన హజ్రత్ అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టుకుంటే అది దుర్వాసన కొట్టింది. పురుషులకు బంగారం నిషిద్ధమైనా బంగారు ముక్కు పెట్టుకోమని మహాప్రవక్త (స) ఆదేశించారు. జిబహ్ చేసిన హలాల్ జంతువు అవయవాన్ని నిరభ్యంతరంగా, ఇతర జంతువులదైతే అత్యవసరంలో అమర్చవచ్చని మక్కాలోని రాబితా ఫిఖ్హ్ అకాడమీ 1985లో నిర్ణయించింది. 1989లో ఢిల్లీలో జరిగిన తొలి ఫిఖ్హ్ సదస్సు కూడా ప్రాణానికో, అవయవానికో ముప్పు లేనప్పుడు పంది భాగాలు వాడరాదని తేల్చింది.

మనం చేయవలసినవి

1. ఆపరేషన్‌కు ముందే మర్యాదగా అడగాలి. పెట్టెపై ‘పోర్సిన్’ అంటే పంది, ‘బోవైన్’ అంటే ఆవుజాతి, ‘ఓవైన్’ అంటే గొర్రె.

2. పంది పొర అయితే ఆవు లేదా చేప పొర దొరుకుతుందా, రోగి సొంత చర్మం అతికించడం వీలవుతుందా అని అడగాలి. ధర తేడా ఉంటే బంధువులు, జమాఅత్ వారు ఆదుకోవాలి. భరించలేనంత ఖర్చు కూడా ఇబ్బందే కనుక, ఆ సంగతి దాచకుండా ఆలిమ్‌కు చెప్పాలి.

3. మరో దారి లేదని, ఆలస్యమైతే కాలో ప్రాణమో పోతుందని నమ్మదగిన వైద్యుడు చెబితే వెనుకాడకూడదు. వ్యవధి ఉంటే ముఫ్తీ గారిని సంప్రదించాలి.

4. స్పృహలేని స్థితిలో వేసినా, తరువాత తెలిసినా, శరీరంలో కలిసిన పొరను హాని కొనితెచ్చుకుని తీయించనక్కరలేదు. నమాజు మానకూడదు. కట్టు తడపకూడదంటే దానిపై తడిచేతితో మసహ్ చేస్తే చాలు.

5. అలా చికిత్స పొందినవారిని వేలెత్తి చూపకూడదు. అల్లాహ్ ఇచ్చిన సడలింపును శిక్షగా మార్చే హక్కు మనకు లేదు.

పశువులను, చేపలను మనకు హలాల్ చేసిన ప్రభువు వాటిలోనే స్వస్థతకు దారులు ఉంచాడు. మన పిల్లలు వైద్యం, జీవశాస్త్రం చదివి అలాంటి పొరలు చవకగా తయారుచేయగలిగితే అది ఉమ్మత్‌కే కాదు, గాయపడిన ప్రతి కార్మికుడికీ మేలు. రోగులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.