ఇంటి ధాన్యము: నిలువ చేయు విధము, త్రిప్పి వాడు విధము

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని సామెత. ఇల్లు చూచుట యనగా వాకిటి ముగ్గును మాత్రమే చూచుట కాదు. వంటయింటి మూలనున్న డబ్బాలను, కుండలను గూడ చూడవలెను. అయితే ఈ భారమంతయు ఇల్లాలిపైననే మోపుట న్యాయము కాదు. ధాన్యము పండించువాడు, కొనితెచ్చువాడు, వండునది, తినువారు అందరును తెలిసికొనవలసిన విషయ మిది. కనుక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల గ్రామస్థులకు ఇంటి నిలువను గూర్చి కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

ఇంతటి వరిసీమలో ఇట్టి పాఠ మెందుకని కొందరడుగవచ్చును. పూర్వము ఈ మెట్టభూములలో జొన్న, సజ్జ, కంది, ఆముదము ముఖ్యమైన పంటలు. ఇంట గుమ్మి, పెరట పాతర ఉండెడివి. 1967 ఆగస్టులో నాగార్జునసాగరు నీరు కాలువలకు వదలబడినది. ఎడమ కాలువ క్రింద వరి విస్తరించినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందినది. ఇది గొప్ప మేలు. కాని దానితోపాటు ఒక అలవాటు మారినది. కోసిన ధాన్యము కల్లము నుండియే అమ్మకమునకు పోవుచున్నది. పండించిన రైతే సంచులలో బియ్యము కొనుచున్నాడు. గుమ్మి పోయినది, దాని స్థానమున మరియొక ఏర్పాటు అనేక గృహములలో రాలేదు.

ఆ లోటు సుఖకాలమున తెలియదు. 2020 మార్చి 25 నుండి దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు తెలిసినది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కుండపోతగా వానలు కురిసి, కోదాడ వీధులలో నీరు నిలిచి, నడిగూడెం మండలమున రామచంద్రాపురము వద్ద సాగరు ఎడమ కాలువకు గండిపడి, హైదరాబాదు–విజయవాడ మార్గమున రాకపోకలు ఆగినప్పుడు మరల తెలిసినది. దుకాణమునకు సరకు రాని నాలుగు దినములలో ఇంటనున్నదే ఆధారము. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనము లేదు.

ఎంత కావలెను?

హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో, దినమునకు 2,000 కిలోకేలరీల భోజనమునకు ధాన్యములు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, నూనె మొదలగు క్రొవ్వులు 27 గ్రాములు చెప్పబడినవి. కూరగాయలు, పండ్లు, పాలు వీనికి అదనము. ఈ లెక్కన నలుగురున్న కుటుంబమునకు నెలకు ధాన్యములు 30 కిలోలు, పప్పులు సుమారు 10 కిలోలు, నూనె మూడుంబావు కిలోలు కావలెను. పొలము పనిచేయువారికి ఇంకను హెచ్చు అవసరము, పసిబిడ్డలకు తక్కువ.

2025 మార్చి 30న హుజూర్‌నగరులో ప్రారంభమైన సన్నబియ్యపు పథకము క్రింద ఆహారభద్రత కార్డుగల వారికి మనిషికి నెలకు 6 కిలోల చొప్పున ఉచితముగ నిచ్చుట మొదలైనది. నలుగురికి 24 కిలోలు. అనగా ధాన్యపు లెక్కలో కొరత 6 కిలోలే. అది జొన్నలతోనో సజ్జలతోనో తీర్చుకొనవచ్చును. అసలు కొరత పప్పుది. నిలువ యనగానే బియ్యపు బస్తాను తలచుకొనుట మన అలవాటు. బస్తా నిండుగ నుండి పప్పుడబ్బా ఖాళీగ నున్నచో కడుపు నిండునే గాని బలము రాదు. కనుక నిలువను పెంచదలచినవారు మొదట పప్పును పెంచవలెను.

సొంత వరి గలవారు మరియొక లెక్క వేసికొనవచ్చును. క్వింటాలు ధాన్యమును ఆడించిన సుమారు 67 కిలోల బియ్యము వచ్చును. నెలకు 30 కిలోల చొప్పున ఏడాదికి 360 కిలోల బియ్యము కావలెనన్నచో, సుమారు 5 క్వింటాళ్ల 40 కిలోల ధాన్యము ఇంట నుంచుకొనిన చాలును. ఊకతో నున్న వడ్లు బియ్యముకంటె బాగుగ నిలుచును. ఊకయే గింజకు కవచము. రెండు మూడు నెలలకు సరిపడునంత మాత్రమే ఒకసారి ఆడించుకొనవలెను. దంపుడు బియ్యము తవుడులోని నూనె వలన త్వరగా కనరు పట్టును గనుక దానిని ఇంకను తక్కువగ ఆడించుకొనుట మేలు.

పురుగు ఎట్లు వచ్చును?

“మూత గట్టిగ పెట్టితిమి, అయినను పురుగు పట్టినది” అని పలువురు వాపోవుదురు. ముక్కుపురుగు గింజకు రంధ్రము చేసి, లోపల గ్రుడ్డుపెట్టి, ఆ రంధ్రమును పూడ్చివేయును. పిల్లపురుగు గింజ లోపలనే పెరుగును. పప్పుపురుగు గ్రుడ్లను కాయ చేనులో నున్నప్పుడే అంటించుటయు కలదు. కావున శుభ్రముగ కనబడు గింజలోను బీజముండవచ్చును. మన వేడిమిలో గ్రుడ్డు నుండి పురుగు వెలువడుటకు సుమారు ఒక నెల చాలును. పాత బియ్యము అడుగున మిగిలియుండగా దానిపై క్రొత్త బియ్యము పోయుట యన్నచో, క్రొత్త పంటను పాత పురుగునకు అప్పగించుటయే.

దీనికి మందు మూడు మాటలలో నున్నది: ఎండ, శుభ్రత, త్రిప్పుట. వడ్లను, పప్పుదినుసులను బాగుగ ఎండబెట్టవలెను. కొనుగోలు కేంద్రములలో 17 శాతము వరకు తేమ అంగీకరింతురు. ఇంటి నిలువకు అది ఎక్కువ. వడ్లలో తేమ 14 శాతమునకు మించరాదు. పప్పుదినుసులలో 10 శాతమునకు దగ్గరగ నుండవలెను. పంటితో కొరికిన గింజ మెత్తగ నలుగక కటుక్కున విరుగవలెను. బియ్యమును మాత్రము మండుటెండలో పోయరాదు; గింజ బీటలువారి నూక యగును. నీడన ఆరబోసిన చాలును. కందులను, పెసలను పప్పుగ విరిచి ఉంచిన పురుగు తక్కువ పట్టును. గింజలుగనే ఉంచదలచినచో కిలోకు ఒక చిన్నచెంచాడు వంటనూనె పట్టించి డబ్బాలో పోయవలెను.

వేపాకు వేయదలచినవారు ఎండినది వేయవలెను. పచ్చి ఆకు తేమను తెచ్చును. అయినను వేపాకు గింజ లోపలి గ్రుడ్డును చంపునని నమ్మరాదు. బూజుపట్టిన వేరుశనగ, మొక్కజొన్నలను కడిగి వాడుకొనరాదు. ఆ విషము కడిగినను ఉడికించినను పోదు. అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక: గోదాములలో వాడు విషపు బిళ్లలను ఇంట ఎన్నడును ఉంచరాదు. ఆ బిళ్ల నుండి వెలువడు వాయువు పురుగుతోపాటు ప్రక్కగదిలో నిద్రించు బిడ్డను గూడ చంపగలదు. మందుపట్టించిన విత్తనములను సైతము తిండిగింజలకు దూరముగ ఉంచవలెను.

త్రిప్పి వాడు పద్ధతి

2025 జూనులో వానకాలమును దృష్టియందుంచుకొని మూడు నెలల బియ్యము ఒకేసారి పంచబడినది. నలుగురి ఇంటికి 72 కిలోలు చేరినవి. అట్టి సమయమున ఏమి చేయవలెను? మూతగల డబ్బాలు మూడు సిద్ధము చేసికొని, వానిపై సుద్దతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, నింపిన తేదీ వ్రాయవలెను. ఇంట ముందున్న పాత బియ్యమును మొదట వండవలెను. అది ముగిసిన పిదప ఒకటవ డబ్బా తెరువవలెను. అది పూర్తిగ ఖాళీయగు వరకు రెండవదాని మూత తీయరాదు. ఖాళీయైన డబ్బాను కడిగి, ఎండలో కాచి, మూలలు తుడిచి, అప్పుడే క్రొత్తది నింపవలెను. నింపిన డబ్బా వరుసలో వెనుకకు పోవలెను. ముందు వచ్చినది ముందు ఉడుకవలెను, ఇదియే నియమము.

పప్పులకు రెండు చిన్న డబ్బాలతో ఇదే పద్ధతి. చింతపండు, ఎండుమిరప, మామిడితొక్కు ఏటికొకసారి వచ్చునవి గనుక పాత జాడీ ముగిసిన పిదపనే క్రొత్త జాడీ తెరువవలెను. డబ్బాలను నేలపై గాక గోడకు జానెడు ఎడముగ బల్లపై నుంచవలెను. వరదనీరు చేరు ఇండ్లలో వారము దినముల తిండిని గట్టి మూతగల డబ్బాలో పోసి అటకపై నుంచుట మంచిది. ఆ డబ్బాలో అటుకులు, పుట్నాలు, బెల్లము ఉండవలెను. పొయ్యి వెలుగని దినమున అవి ఆదుకొనును. వీనిని గూడ నెలకొకసారి తిని, మరల నింపవలెను.

లేనివా రెట్లు కూర్చుకొనవలెను?

నిలువ కొరకు అప్పు చేయరాదు. ఒకేసారి నెల సరకు కొనలేనివారు ప్రతి పూట ఎసట పోయుటకు ముందు ఒక గుప్పెడు బియ్యమును వేరు కుండలో వేయవచ్చును. గుప్పెడు 50 గ్రాములనుకొనినచో, రెండు పూటలకు నెలలో 3 కిలోలగును. అయితే అది తినువారి పళ్లెమును తగ్గించి చేయు పొదుపు కారాదు. గర్భిణికి, బిడ్డకు తక్కువ పెట్టి నింపిన కుండ నిండుకుండ కాదు. పప్పు అగ్గువగ దొరకు కాలమున వాడుకకంటె ఒక కిలో అదనముగ కొనిన, కొన్ని నెలలలో ఒక నెల పప్పు ముందుగ నిలుచును. పొలము గలవారు గట్లపై కంది విత్తినచో కొనవలసిన పనియే తగ్గును. పెరటి మునగ, తోటకూర డబ్బాలో దాచలేని లోటును తీర్చును.

ఇంటికి చాలినంత ఉంచుకొనుట వేరు, ఇరుగుపొరుగువారికి దొరకకుండ బస్తాలు దాచుట వేరు. మొదటిది జాగ్రత్త, రెండవది అన్యాయము. మూలన పడియుండి పుచ్చిపోయిన పది బస్తాలకంటె, ప్రతి నెలయు ఖాళీయగుచు, నిండుచు నుండు మూడు డబ్బాలే ఇంటికి బలము. ఈ నెల బియ్యము ఇంటికి వచ్చిన దినమున గ్రామస్థులు మొదట పాత డబ్బా అడుగును చూచి, దానిని కడిగి, ఎండబెట్టి, సుద్దముక్క చేత పట్టుకొందురు గాక యని కోరుచున్నాము.