గాలి మార్గము మారినపుడు కార్బురేటరు సంగతి

విద్యార్థులారా! మద్రాసునందు 1955వ సంవత్సరమున నారంభమైన ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థవారు నిర్మించిన పాత బుల్లెట్టు మోటారు సైకిళ్లు మన జిల్లాలలో నేటికిని తిరుగుచున్నవి. వానికి మొదటినుండి యున్న ఎయిర్ ఫిల్టరు డబ్బీని తీసివైచి, శంఖాకారముగల చిన్న ఫిల్టరును తగిలించుట యువకులకు వేడుకయైనది. శబ్దము గంభీరమగును, చూపునకు సొగసుగ నుండును. అయితే ఆ పిమ్మట బండి దగ్గుట, అతిగ వేడెక్కుట, తుదకు పిస్టనునకు రంధ్రము పడుటయు గలదు. ఇంటికి జీవనాధారమైన బండికి ఇట్టిది సంభవించిన నది చిన్న నష్టము కాదు. దీని కారణమును విచారింతము.

దోమలమందు చల్లెడు చేతిపంపును మీరు చూచియుందురు. వేగముగ బోవు గాలి డబ్బాలోని మందును సన్నని గొట్టముగుండ పైకి రప్పించి తుంపరగ విసరును. కార్బురేటరునందు జరుగునదియు నట్టిదే. దాని కంఠము నడుమ నిఱుకుగ నుండును. అచ్చట గాలి వేగము హెచ్చి పీడనము తగ్గును. ఈ ధర్మమును పరిశోధించిన ఇటలీ దేశీయుడు వెంటూరీ (1746-1822) పేరనే ఆ భాగమును పిలుతురు. ఫ్లోటు గిన్నెలోని పెట్రోలుపై మాత్రము బయటి గాలియొక్క పూర్ణ పీడనముండును. ఈ రెండు పీడనముల భేదమే పెట్రోలును జెట్టుగుండ పైకి నెట్టును. తూకమున పెట్రోలు 1 పాలునకు గాలి 14.7 పాళ్లున్నచో దహనము సమముగ జరుగును.

పాత ఫిల్టరు గాలికి కొంత యడ్డు. ఆ యడ్డువలన కంఠములోని పీడనము మఱికొంత తగ్గి, పెట్రోలు మఱికొంత వచ్చును. జెట్టు పరిమాణమును నిర్ణయించినవారు ఈ యడ్డును గూడ లెక్కలో చేర్చియే నిర్ణయించిరి. అడ్డు తగ్గినచో గాలి సులభముగ వచ్చును, పీడనభేదము తగ్గును, పెట్రోలు వెనుకబడును. ఈ స్థితిని మెకానిక్కులు లీను అందురు. దీనికి వ్యతిరేకమైనది రిచ్చు. ఫిల్టరు మార్చినంతనే బలము పెరుగునని తలచువారు ఈ లెక్కను మఱచుచున్నారు. పాత బండికి పాత డబ్బీయే మేలని నా యభిప్రాయము. మన బాటల దుమ్మునుండియు వాననుండియు అది చక్కగ కాపాడును. ఐనను మార్చినవారు మార్చిరి. వారు చేయవలసిన పనిని చెప్పెదను.

ముందుగ కార్బురేటరునకును ఇంజనునకును నడుమనున్న అతుకు బిగువుగ నున్నదో లేదో చూడవలయును. అచ్చట దొంగచాటుగ గాలి ప్రవేశించుచున్నచో ఎంత సరిచేసినను వ్యర్థమే. పిమ్మట థ్రాటిలు పిడిపై కాగితపు పట్టీ నంటించి పావు, అర, ముప్పాతిక, పూర్తి యని గీతలు గీయుడు. ఏలయన ఒక్కొక్క భాగమున ఒక్కొక్క యంగము పెత్తనము చేయును.

మొదట సరిచేయవలసినది మెయిను జెట్టు. ముప్పాతికకు మీద దానిదే యధికారము. దానిపై చెక్కిన యంకె పెరిగినకొలది రంధ్రము పెద్దది. చిన్న జెట్టునుండి మెల్లగ పెంచుటకంటె, మొదటనే పెద్దదానిని వేసి ఒక్కొక్క మెట్టు దిగుట క్షేమము. పెట్రోలు హెచ్చిన పొగవచ్చును, బండి మందగించును. తగ్గినచో పిస్టనే కరగును. జనములేని తిన్నని బాటపై, పెద్దవారొకరు శిరస్త్రాణము ధరించి, క్రొత్త ప్లగ్గుతో, పూర్తిగ త్రిప్పి కొంతదూరము నడపి, అట్లే క్లచ్చుపట్టి ఇంజను నాపవలయును. ప్లగ్గు విప్పి చూచిన లోపలి పింగాణి లేత గోధుమవర్ణముగ నుండవలయును. సున్నమువలె తెల్లనైన లీను, మసిపట్టిన రిచ్చు.

తరువాత ఇంజను వేడిగ నుండగా పైలట్ మరను చూడుడు. గాలి వచ్చువైపున నుండు మరను మృదువుగ పూర్తిగ బిగించి, ఒకటిన్నర చుట్టు వెనుకకు త్రిప్పి, అచ్చటనుండి ఇటునటు కొద్దికొద్దిగ కదల్చుచు ఇంజను వడిగ, నిలుకడగ తిరుగు స్థానమును కనుగొనవలయును. మర దాదాపు పూర్తిగ బిగిసినపుడే ఇంజను కుదురుకొన్నచో, పైలట్ జెట్టు చిన్నదని యర్థము. ఫిల్టరు మార్చినపుడు తఱచుగ నిట్లేయగును. కొన్ని కార్బురేటర్లలో ఈ మర ఇంజనువైపున నుండి పెట్రోలును శాసించును. అపుడు లెక్క తలక్రిందు.

కడపట సూది. పావునుండి ముప్పాతికవఱకు, అనగా మనము నిత్యము నడపు వేగములలో, ఇదియే ప్రధానము. మికునీ పద్ధతి సూదికి 5 గంట్లుండును. క్లిప్పును ఒక గంటు క్రిందికి దింపినచో సూది పైకి లేచి పెట్రోలు హెచ్చును. ఇది ముగిసిన పిదప పైలట్ మరను మఱొకమారు చూడవలయును. 1983లో వచ్చిన రాజదూత్ 350 వంటి రెండు కార్బురేటర్ల బండ్లకు, రెండు స్లయిడులును ఏకకాలమున లేచునట్లు చేయుట అదనపు పని.

మన దేశమున 2023వ సంవత్సరము మొదలు విక్రయింపబడుచున్న, 20 శాతము ఇథనాలు గల పెట్రోలునందు ఆమ్లజని యిమిడియుండుటచే పాత బండి మఱికొంత లీనగును. జెట్టు నెన్నుకొనునపుడు దీనినిగూడ తలచుడు. విశాఖ తీరమున సరిచేసిన బండి సుమారు 900 మీటర్ల యెత్తుగల అరకుపై గాలి పలుచనగుటవలన కొంచెము రిచ్చుగ నడచును. ఒకనాటి ప్రయాణమునకై జెట్టు మార్చ నక్కఱలేదు. దిగివచ్చినంతనే అదియే సరిపడును.