బెసలేలు ప్రక్కన అహోలీయాబు

ధ్యానభాగము: నిర్గమకాండము 35:30-35

ప్రత్యక్ష గుడారపు పనికి దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచి, సకలవిధమైన నేర్పుతో నింపెను. అయినను అతనిని ఒంటరిగా విడువలేదు. దాను గోత్రికుడగు అహోలీయాబును తోడిచ్చెను. ఇతరులకు నేర్పు బుద్ధిని ఇద్దరి హృదయములలోను పుట్టించెను.

2016 వరకు మన మహబూబ్‌నగర్ జిల్లాలోనిదైన గద్వాలలో ఈ సత్యమును కన్నులార చూడవచ్చును. నూలు చీరకు పట్టు అంచును మగ్గముమీదనే కలిపి నేయు కుప్పడపు నేత చూచినంతనే రాదు. నేర్చుకొనువారు మొదట కండెలు చుట్టుదురు, తెగిన పోగులు అతుకుదురు, పెద్దల ప్రక్క కూర్చుండి అంచు నాడెను అందింతురు. ఆ తరువాతనే మగ్గపు గుంటలో దిగుదురు.

మా సంఘములో జరిగిన తప్పును ఒప్పుకొనుచున్నాము. డోలక్ వాయించు పెద్దాయన మా మధ్య నుండగా, ఆయన ప్రక్కన ఒక్క పిల్లవానినైనను కూర్చుండబెట్టలేదు. ఆయన ప్రభువునందు నిద్రించిన తరువాత ఆరు నెలలు తాళము లేకయే పాడితిమి. డోలక్ గోడకు వ్రేలాడెను. దేవుడు వరమియ్యక మానలేదు. మేమే దానిని అందుకొనలేదు. ఇప్పుడు ఇద్దరు పిల్లలు ప్రతి శనివారము పొరుగూరి వాద్యకాని యొద్ద నేర్చుకొనుచున్నారు. ఒకడు తప్పినచోట రెండవవాడు దిద్దుచున్నాడు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డలోని నేర్పును గుర్తించి, దినదినము సాధన చేయించుడి, తోటివానిని జతచేయుడి, తెలిసినవారి యొద్దకు పంపుడి. పని తెలిసిన పెద్దలారా, నేడే మీ ప్రక్కన ఒకరికి చోటియ్యుడి.