రోబో పందెములలో నిస్తంత్రి దీపములు

బాలురు తాము నిర్మించిన యంత్రమును దీపములతో నలంకరింప గోరుట సహజము. బజారున ఎల్.ఇ.డి. దీపమాలలు చౌకగా దొరకును. వానితో చేతిలో నిముడు రిమోటు నొకటి యిత్తురు. మీట నొక్కినంతనే ఎఱుపు నీలమగును, నీలము పచ్చనగును. కొన్నింటిని సెల్‌ఫోనునుండియే మార్చవచ్చును. ఇట్టి నిస్తంత్రి దీపములను, అనగా తీగ లేకయే ఆజ్ఞ నందుకొను దీపములను, విద్యార్థుల రోబో పందెములకు గొనిపోవచ్చునా యని యిచట విచారింతుము.

ఉదాహరణమునకు అమెరికా దేశమున 1989లో డీన్ కామెన్ స్థాపించిన ఫస్ట్ సంస్థవారి పందెమును గైకొందము. 1992లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున నొక ఉన్నత పాఠశాల వ్యాయామశాలలో 28 జట్లతో నిది మొదలయ్యెను. దీని 2025 నియమావళి ప్రకారము యంత్రముపై దీపములుంచుకొనవచ్చును. యంత్రపు 12 వోల్టుల బ్యాటరీనుండి తీగద్వారా విద్యుత్తు నిచ్చి, యంత్రములోని కంప్యూటరుచేతనే వెలిగించినచో అభ్యంతరము లేదు. అయితే సంస్థవారు నిర్ణయించిన రేడియో తప్ప, బయటినుండి యంత్రమునకుగాని, యంత్రమునుండి బయటికిగాని, యంత్రములోనే యొక భాగమునుండి మఱియొక భాగమునకుగాని ఏ నిస్తంత్రి వార్తయు పోరాదు. కావున రిమోటుతో నడచు దీపమాల పనికిరాదు. దాని రిసీవరును తీసివేసి తీగకు గలుపుకొనుట మేలు.

ఇంత చిన్న దీపమునకు ఇంత కట్టుదిట్టమేల? ఆటస్థలమున ఒకేసారి ఆరు యంత్రములు, పక్షమునకు మూడు చొప్పున, తిరుగుచుండును. ప్రతి యంత్రమును తన నడపరులనుండి రేడియోద్వారానే ఆజ్ఞల నందుకొనును. ఆ సంబంధము తెగినచో యంత్రము నిలిచిపోవును. 2025లో ఆటయో రెండున్నర నిమిషములలో ముగిసెడిది.

2012 ఏప్రిలులో సెయింట్ లూయిస్ నగరమున జరిగిన అంతిమ పోటీలలో ఇట్లే యయ్యెను. వేలకొలది జనులు చూచుచుండగా కొన్ని యంత్రములు కదలక నిలిచెను. వారములకొలది శ్రమించిన బాలబాలికలు చేష్టలుడిగి చూడవలసి వచ్చెను. ఆ జూలైలో సంస్థవారు విచారణ నివేదికను ప్రకటించిరి. కారణములు పెక్కు, యంత్రములలోని లోపములును గలవు. అయితే ఒక వ్యక్తి తన సెల్‌ఫోనుతో యంత్రముల వైఫైలో జొరబడుటకు బుద్ధిపూర్వకముగా ప్రయత్నించుటయు అందొకటి. లోపలికి ప్రవేశము దొరకకున్నను, ఆ విఫలయత్నముననే సంబంధము తెగిపోయెను! అందఱి జేబులలో నుండు వస్తువే యిది చేయగలిగెను.

మఱియొక కారణము గలదు. ఆట ఆరంభమున కొన్ని సెకండ్లు (2025లో 15 సెకండ్లు) యంత్రము మనుష్యుల ఆజ్ఞ లేక తనంతట తాను నడువవలెను. చేతిలో రిమోటున్నచో, అది దీపమునకే పోవుచున్నదో, చక్రములకును పోవుచున్నదో పరీక్షకు డెట్లు తెలిసికొనును? అలంకారమునకు మాత్రమే తెచ్చిన బాలునకు నిది కొంత కఠినముగా దోచును. మాకును మొదట నట్లే తోచినది.

తీగగల దీపమునకును హద్దులున్నవి. ఇతర యంత్రముల కెమెరాలను తికమకపెట్టుటకై దీపము నుంచరాదు. మిక్కిలి తీక్ష్ణమైన దీపమును గుఱి చూచునపుడు కొద్దిసేపు మాత్రమే వెలిగింపవలెను. మఱి ప్రతి యంత్రముపై నారింజరంగు దీపమొకటి తప్పక యుండవలెను. అది నిలుకడగా వెలుగుచున్నచో యంత్రమున విద్యుత్తు గలదని యర్థము. మిణుకుమిణుకు మనినచో ఆజ్ఞలకు లోబడి యే క్షణముననైన కదలగలదని యర్థము. దగ్గఱ చేయి పెట్టువారు ముందు దానినే చూడవలెను.

యంత్రమును బాగుచేసికొను గుడారములోనైనను సెల్‌ఫోనుతో సొంత వైఫైని నెలకొల్పి రంగుల బల్బులు వెలిగించుటకు వీలులేదు. అచ్చటను తీగయు మీటయు గల దీపమునే గొనిపోవలెను.