తిత్తి, డోలు, విశ్వవిద్యాలయం
(బ్యాగ్‌పైప్ బృందంలో చేరిక, శిక్షణ)

ఏటా జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్‌ను మనం టీవీలో చూస్తుంటాం. చంకలో తిత్తి పెట్టుకుని, భుజం మీద గొట్టాలు నిలబెట్టి, ఊదుతూ నడిచే సైనికులు అందులో కనిపిస్తారు. ఆ వాద్యమే బ్యాగ్‌పైప్. బ్రిటిష్ కాలంలో స్కాట్లాండ్ దళాల ద్వారా మన సైన్యంలోకి వచ్చింది. కొన్ని పాశ్చాత్య విశ్వవిద్యాలయాల్లో దీనికి ప్రత్యేక బృందాలున్నాయి. వాటిలో చేరిక, శిక్షణ ఎలా ఉంటాయో తెలుసుకుందాం.

వాద్యం తీరు

నోటితో తిత్తిలోకి గాలి ఊదాలి. ఊపిరి తీసుకునే క్షణంలో మోచేత్తో తిత్తిని నొక్కాలి. అందువల్ల నాదం తెగదు. మూడు గొట్టాలు శ్రుతి పలుకుతాయి. చాంటర్ అనే నాలుగో గొట్టం మీద తొమ్మిది స్వరాలు పలుకుతాయి. ఇందులో ధ్వనిని పెంచడం, తగ్గించడం కుదరదు. మధ్యలో ఆపడమూ కుదరదు. ఒకే స్వరం రెండుసార్లు పలకాలంటే నడుమ రెప్పపాటు మరో స్వరం తాకించాలి. ఈ చిన్న తాకిడులే దీనిలోని అసలు విద్య.

చేరే దారులు

కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయ బృందం 1995, 1996, 1999, 2001, 2008, 2009 సంవత్సరాల్లో గ్లాస్గోలో ప్రపంచ విజేతగా నిలిచింది. ఇలాంటి ఉన్నత శ్రేణి బృందంలోకి ఆరితేరినవారినే తీసుకుంటారు. కానీ దానికి అనుబంధంగా పిల్లలకు, కొత్తవారికి నేర్పే బృందాలున్నాయి. అక్కడ మెట్టు మెట్టుగా పైకి రావచ్చు. పైపులు ఖరీదైనవి కాబట్టి చాలా బృందాలు కొత్తవారికి వాద్యాలు అరువిస్తాయి.

శిక్షణ మెట్లు

మొదటి రోజే తిత్తి చేతికివ్వరు. ప్రాక్టీస్ చాంటర్ అనే చిన్న గొట్టంతో మొదలుపెడతారు. దానికి తిత్తి ఉండదు, ధ్వని తక్కువ, ధరా తక్కువ. దాని మీద వేళ్లు కుదరడానికే నెలలు పడుతుంది. కొందరికి ఏడాది కూడా పడుతుంది. డోలు నేర్చేవారూ అంతే. ముందు రబ్బరు పలక మీద రెండు పుల్లలతో ఒకే రకం దెబ్బలు సమంగా పడేదాకా సాధన చేస్తారు.

తర్వాత తిత్తి. గాలి ఒత్తిడి ఏమాత్రం మారినా శ్రుతి చెడుతుంది. అది నిలిచాక, ఊదుతూ అడుగు కలిపి నడవడం. పాటలన్నీ కంఠస్థం కావాలి. పూర్వం స్కాట్లాండ్ గురువులు స్వరాలను అక్షరాలుగా పాడి నేర్పేవారు. మన మృదంగ గురువులు జతులు చెప్పినట్టే.

చివరిది బృంద సాధన. పైప్ మేజర్ ఒక్కొక్కరి గొట్టం విని శ్రుతి సరిచేస్తాడు. పోటీలో అందరూ వలయంగా నిలబడి వాయిస్తారు. ఒక్కరు తప్పినా అందరికీ వినిపిస్తుంది. పైపులకు, డోళ్లకు న్యాయనిర్ణేతలు వేరుగా ఉంటారు. మొత్తం కలయికను చూసేందుకు మరొకరుంటారు.

మనకు పాఠం

మేకతోలు తిత్తి మనకు కొత్త కాదు. మన వీధి భాగవతాల్లో శ్రుతి కోసం దాన్ని ఊదేవారు. డప్పు మన వాడల్లో పుట్టి పెరిగింది. అయినా వాటిని వాయించినవారిని ఊరు దూరంగానే నిలబెట్టింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం బ్యాగ్‌పైప్ ముఖ్య వాద్యంగా సంగీతంలో డిగ్రీ ఇచ్చింది. తోలు, గాలి అక్కడా ఇక్కడా ఒకటే. తేడా గౌరవంలో ఉంది.

రెండో సంగతి. ఇంట్లో ఎవరూ చదవనిచోట నుంచి వచ్చిన మనం, కాలేజీలో ఇతరులు అప్పటికే తిత్తి ఊదుతుంటే చిన్న గొట్టం పట్టుకున్నందుకు సిగ్గుపడతాం. ఆ ఊదేవారూ చిన్న గొట్టంతోనే మొదలుపెట్టారు. కొందరికి అది ఇంట్లోనే దొరికింది, మనకు హాస్టల్లో దొరికింది. కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మొదటి మెట్టు మీద ఎన్నాళ్లు పట్టినా దిగిపోకండి. పైమెట్టు చేరిన మేము కింది మెట్టువారికి వాద్యం అరువివ్వడం మరువం.